మార్విన్ గే ‘హియర్, మై డియర్’: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఆల్బమ్ పేరెత్తగానే ఎవరో ఒకరు “భరణం కట్టడానికి చేసిన రికార్డు కదా” అంటారు. అది సగం నిజం. మిగతా సగం తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం, మొదటిసారి వింటున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి.

అసలు ఇది ఏ ఆల్బమ్?

అమెరికన్ సోల్ (చర్చి పాటల్లోంచి ఎదిగిన నల్లజాతి అమెరికన్ల సంగీతం) గాయకుడు మార్విన్ గే 1978 డిసెంబరులో విడుదల చేసిన రెండు ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) ఆల్బమ్. మోటౌన్ అనే రికార్డు కంపెనీకి చెందిన టామ్లా లేబుల్ మీద వచ్చింది. మొదటి భార్య ఆనా గోర్డీతో విడాకులయ్యాక, ఆ పెళ్లి గురించీ ఆ విడాకుల గురించే చేశాడు. మొత్తం 14 ట్రాకులు, గంటా పది నిమిషాల పైమాటే. ఒకట్రెండు తప్ప అన్నీ ఆ ఒక్క గొడవ చుట్టూనే తిరుగుతాయి.

అప్పటికి అతను పెద్ద స్టారేనా?

చాలా పెద్ద స్టార్. 1939లో వాషింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో బోధకుడు, కాబట్టి పాడటం అక్కడే మొదలైంది. డెట్రాయిట్ చేరాక మోటౌన్‌లో మొదట్లో డ్రమ్స్ వాయించాడు. తర్వాత గాయకుడిగా వరసగా హిట్లు. 1968లో ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. టామీ టెరెల్‌తో పాడిన డ్యూయెట్లు ఇప్పటికీ రేడియోలో వస్తాయి. ఆమె 1970లో బ్రెయిన్ ట్యూమర్‌తో 24 ఏళ్లకే చనిపోయింది. ఆ దెబ్బ నుంచి గే కోలుకోవడానికి చాలా కాలం పట్టింది.

1971లో ‘వాట్స్ గోయింగ్ ఆన్’ వచ్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన తమ్ముడు ఫ్రాంకీ చెప్పిన సంగతులు అందులో ఉన్నాయి. ఇలాంటి పాట ఎవరు కొంటారని మోటౌన్ యజమాని బెర్రీ గోర్డీ మొదట ఒప్పుకోలేదు. జనం విపరీతంగా కొన్నారు. 1973లో ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’, 1976లో ‘ఐ వాంట్ యూ’, 1977లో మళ్లీ మొదటి స్థానం కొట్టిన డాన్స్ పాట ‘గాట్ టు గివ్ ఇట్ అప్’.

ఇంత నడుస్తున్నా చేతిలో డబ్బు నిలవలేదు. పన్నుల బాకీలు, కొకైన్, చేతికి అడ్డూ ఆపూ లేని ఖర్చు. 1978లోనే దివాలా పిటిషన్ వేశాడు. ఈ ఆల్బమ్‌లో డబ్బు మాట అన్నిసార్లు ఎందుకు వస్తుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఆనా గోర్డీ అంటే మోటౌన్ యజమానికి బంధువా?

సొంత అక్క. అందుకే ఈ విడాకులు మామూలు విడాకులు కావు. భార్యతో తగవు పడితే జీతమిచ్చే కంపెనీ యజమాని ఇంటితో తగవు పడ్డట్టే.

కానీ ఆవిణ్ణి “యజమాని అక్క” అని వదిలేస్తే తప్పు. మోటౌన్ పేరు ఎవరికీ తెలియని రోజుల్లోనే చెల్లెలు గ్వెన్‌తో కలిసి ‘ఆనా రికార్డ్స్’ అని సొంత లేబుల్ నడిపింది. మోటౌన్ తొలి హిట్టుగా చెప్పుకునే బారెట్ స్ట్రాంగ్ ‘మనీ’ పాట దేశమంతటికీ చేరింది ఆ ఆనా లేబుల్ మీదే. పాటలూ రాసింది. ద ఒరిజినల్స్ బృందం పాడిన ‘బేబీ, ఐయామ్ ఫర్ రియల్’ రచయితలుగా మార్విన్, ఆనా ఇద్దరి పేర్లూ ఉంటాయి. ‘వాట్స్ గోయింగ్ ఆన్’లో కూడా రెండు పాటల కింద ఆవిడ పేరు కనిపిస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

పెళ్లి 1963లో జరిగింది. అతనికి 24, ఆవిడకు 41. ఆ ఏడాది వచ్చిన ‘ప్రైడ్ అండ్ జాయ్’ ఆవిణ్ణి చూసి పుట్టిన పాటే.

ఎందుకు విడిపోయారు?

ఇద్దరి మధ్యా అనుమానాలు, ఒకరి మీద ఒకరు చెప్పుకునే అక్రమ సంబంధాల కథలు, నలుగురిలో గొడవలు ఏళ్ల తరబడి సాగాయి. 1973లో ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ రికార్డింగ్ రోజుల్లో గేకి జానిస్ హంటర్ పరిచయమైంది. ఆమెకప్పుడు 17 ఏళ్లు, అతను ఆమెకంటే దాదాపు 17 ఏళ్లు పెద్ద. 1974లో ఒక కూతురు, 1975లో ఒక కొడుకు పుట్టారు. 1975 నవంబరులో ఆనా కోర్టుకు వెళ్లింది. 1977 మార్చిలో విడాకులు ఖాయమయ్యాయి. అదే ఏడాది అక్టోబరులో గే జానిస్‌ను పెళ్లి చేసుకున్నాడు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ని అందరూ శృంగారం ఆల్బమ్ అనుకుంటారు. దాని చివరి పాట ‘జస్ట్ టు కీప్ యూ శాటిస్‌ఫైడ్’ మాత్రం ముగిసిపోయిన పెళ్లికి వీడ్కోలు. దాని రచయితల్లో ఆనా కూడా ఉంది. అంటే ఈ కథ రికార్డుల్లోకి ఎక్కడం 1978 కంటే ఐదేళ్ల ముందే మొదలైంది.

“భార్య మీద ఆల్బమ్ చెయ్యి” అని జడ్జి చెప్పాడంటారు. నిజమేనా?

కాదు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా తిరిగే తప్పు ఇదే.

ఆనాకు ఇవ్వాల్సిన సొమ్ము 6 లక్షల డాలర్ల దగ్గర తేలింది. ఇద్దామంటే గే దగ్గర డబ్బు లేదు. అప్పుడు అతని లాయర్ కర్టిస్ షా ఒక దారి చూపించాడు: తర్వాత చేయబోయే ఆల్బమ్‌కి మోటౌన్ ఇచ్చే అడ్వాన్సు 3,05,000 డాలర్లు నేరుగా ఆనాకు, మిగతా 2,95,000 ఆ ఆల్బమ్ సంపాదించేదాంట్లోంచి. కోర్టు దీనికి ఒప్పుకుంది.

గమనించాల్సింది ఏంటంటే, ఆ ఒప్పందంలో “తర్వాతి ఆల్బమ్” అని మాత్రమే ఉంది. అది దేని గురించి ఉండాలో ఎవరూ చెప్పలేదు. ప్రేమ పాటలు పాడినా సరిపోయేది, క్రిస్మస్ పాటలు పాడినా సరిపోయేది. పెళ్లి మీదే పాడాలన్నది పూర్తిగా గే సొంత నిర్ణయం.

కావాలనే చెత్త ఆల్బమ్ చేసి పడేద్దామనుకున్నాడట?

ఈ మాట గే స్వయంగా తన జీవితచరిత్ర రాసిన డేవిడ్ రిట్జ్‌తో అన్నాడు. ఎలాగూ డబ్బు తనకు రాదు కాబట్టి, ఏదో ఒకటి గబగబా కానిచ్చేద్దామని మొదట్లో అనుకున్నాడట. అయితే పని మొదలుపెట్టాక ఆ విషయం అతన్ని వదల్లేదు. పాడేకొద్దీ లోపల ఉన్నది బయటికొస్తూ పోయింది.

ఇది జరిగింది 1977లో, లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ బులెవార్డ్ మీద ఉన్న అతని సొంత స్టూడియోలో. సొంత స్టూడియో కావడం చిన్న విషయం కాదు. గంటల లెక్కన అద్దె కట్టేచోట ఇలాంటి రికార్డు పుట్టదు. టేపు తిరుగుతుంటే మైకు ముందు నిలబడి, అప్పటికప్పుడు మాటలు కట్టుకుంటూ పాడటం, నచ్చితే దాని మీద ఇంకో గొంతు వేసుకోవడం, ఇలా సాగింది పని. అందుకే చాలా పాటల్లో పల్లవి, చరణం అనే లెక్క ఉండదు. మాట ఎటు పోతే పాట అటు పోతుంది.

పాటల్లో నిజంగా ఏముంది? పేర్లు పెట్టి తిట్టాడా?

పేరు పెట్టాడు. తిట్టాడు కూడా. కానీ తిట్టు ఒక్కటే ఉంటే ఈ ఆల్బమ్‌ను ఈపాటికి అందరూ మర్చిపోయేవాళ్లు.

టైటిల్ పాట దాదాపు ఉత్తరంలా మొదలవుతుంది. ఈ ఆల్బమ్ నీకే అంకితం, నీకు కావాల్సింది ఇదే కదా, తీసుకో అన్న ధోరణి. గొంతు మాత్రం వెన్నలా ఉంటుంది. ఆ మెత్తదనంలోనే “నా కొడుకుని అడ్డం పెట్టుకుని నన్ను లొంగదీసుకునే హక్కు నీకు లేదు” అనే అర్థం వచ్చే మాట దూరుతుంది (ఈ కొడుకు ఆనాతో కలిసి పెంచుకున్నవాడు, జానిస్ కొడుకు కాదు). వినేవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

‘ఐ మెట్ ఎ లిటిల్ గర్ల్’ 1950ల నాటి డూవాప్ పద్ధతిలో, అంటే కొన్ని గొంతులు కలిసి పాడే తీరులో ఉంటుంది. వాళ్లిద్దరూ ప్రేమలో పడ్డ కాలానికి ముందు అతను యువకుడిగా పాడిన పద్ధతి అది. పెళ్లి రోజుల్ని తలుచుకోవడానికి ఆ పాత సంగీతాన్నే వాడుకున్నాడు.

తర్వాత వచ్చేది ఆల్బమ్ మొత్తానికి వెన్నెముక: ‘వెన్ డిడ్ యూ స్టాప్ లవింగ్ మీ, వెన్ డిడ్ ఐ స్టాప్ లవింగ్ యూ’. ఆరు నిమిషాలు దాటే పాట. నువ్వెప్పుడు ప్రేమించడం మానేశావు అని అడిగి ఊరుకోలేదు, నేనెప్పుడు మానేశాను అని కూడా అడిగాడు. రెండో సగమే దీన్ని పాటగా నిలబెట్టింది. మళ్లీ అదే పాటలో, నిజంగా ప్రేమించినదానివైతే విడిపోవడానికి మిలియన్ డాలర్లు అడిగేదానివా అని దెప్పిపొడుస్తాడు. దేవుడి ముందు చేసిన ప్రమాణాలు, దాచుకున్న తప్పులు, లాయర్లు, డబ్బు, అన్నీ ఒకే ఊపిరిలో. మనసు విరిగినవాడు అర్ధరాత్రి స్నేహితుడి దగ్గర కూర్చుని మాట్లాడితే ఇలాగే ఉంటుంది, వరస ఉండదు.

‘యాంగర్’ అంటే అరుపులు ఉంటాయనుకుంటాం. అది చర్చి ఉపన్యాసంలా ఉంటుంది. కోపం మనిషిని ముసలివాణ్ని చేస్తుంది, జబ్బుమనిషిని చేస్తుంది అని తనకు తానే చెప్పుకుంటాడు. ఎంత చెప్పుకున్నా కోపం తగ్గలేదని తర్వాతి పాట ‘ఈజ్ దట్ ఇనఫ్’ వినగానే తెలిసిపోతుంది. ఆవిడ లాయరు ఫీజు నేనెందుకు కట్టాలి అని నిజంగానే పాడాడు. లాయరు ఫీజుని సోల్ పాటలోకి ఇంత అందంగా తెచ్చినవాడు ఇంకొకడు నాకు కనబడలేదు.

‘టైమ్ టు గెట్ ఇట్ టుగెదర్’లో వేలు తన వైపే తిప్పుకుంటాడు. కొకైన్ పీల్చడం, రాత్రుళ్లు ఆడవాళ్ల వెంట తిరగడం, పోగొట్టుకున్న కాలం, ఏదీ దాచలేదు. ‘స్పారో’ జాజ్ వైపు జరుగుతుంది, ఒక పిచ్చుకను తన కోసం పాడమని అడిగే పాట. ‘ఆనాస్ సాంగ్’లో మాటలు దాదాపు అడుగంటిపోయి, ఆవిడ పేరే పొడుగ్గా, పై స్థాయిలో పిలుపై మిగులుతుంది. అంతకుముందు ఎన్ని దెప్పుళ్లు విన్నామో ఆ ఒక్క పిలుపు దగ్గర మర్చిపోతాం. ‘యూ కెన్ లీవ్, బట్ ఇట్స్ గోయింగ్ టు కాస్ట్ యూ’లో మళ్లీ డబ్బు గొడవకే వస్తాడు. పోతే పో, కానీ దానికి ఖరీదు కడతావు అని ఆవిడ అన్నట్టుగా.

చివర్లో ‘ఫాలింగ్ ఇన్ లవ్ అగైన్’ జానిస్ కోసం. ఆల్బమ్‌లో బలహీనమైన పాట అదేనని నా అభిప్రాయం. కొత్త సంతోషం మీద పాడేటప్పుడు అతని గొంతుకే పూర్తి నమ్మకం లేనట్టు ఉంటుంది. అతనికీ అది తెలుసేమో, ఆల్బమ్‌ను దానితో ముగించలేదు. ఆ తర్వాత ‘వెన్ డిడ్ యూ స్టాప్’ చిన్న ముక్క మళ్లీ వినిపిస్తుంది. కొత్త ప్రేమ పాట తర్వాత కూడా పాత ప్రశ్నే.

మధ్యలో ఆ అంతరిక్షం పాట ఏంటి?

‘ఎ ఫంకీ స్పేస్ రీఇన్‌కార్నేషన్’. ఎనిమిది నిమిషాల పైన నడిచే ఫంక్ పాట, అంటే డాన్స్ ఊపున్న పాట. భవిష్యత్తులో, అంతరిక్షంలో, ఎక్కడో పూర్వజన్మలో చూసిన అమ్మాయిని మళ్లీ కలవడం దాని కథ. 1977లో ‘స్టార్ వార్స్’ ఊపు, పార్లమెంట్-ఫంకడెలిక్ బృందం అంతరిక్షం వేషాలు గుర్తు తెచ్చుకుంటే అప్పటి గాలి ఎటు వీస్తోందో అర్థమవుతుంది. కొందరికి ఇది ఆల్బమ్‌లో ఇమడదు. నాకైతే కోర్టు, ఫీజులు, కొడుకు గొడవ విని విని ఊపిరాడనప్పుడు కిటికీ తెరిచినట్టు ఉంటుంది. ఈ జన్మలో కుదరలేదు, ఇంకో జన్మలో చూద్దాం అన్న ఆలోచన మనకు కొత్తదీ కాదు.

సంగీతం విషాదంగా ఉంటుందా?

ఉండదు. అదే దీని విచిత్రం. మెత్తటి, కదిలే గ్రూవ్, కాంగా డ్రమ్ములు, గిటార్, మధ్యమధ్యలో శాక్సఫోన్. పక్క గదిలోంచి వింటే ఆదివారం సాయంత్రం పెట్టుకునే పాటలు అనుకుంటారు.

అసలు నాటకం అతని గొంతుల్లో ఉంది. గొంతుల్లో అనడం పొరపాటు కాదు. గే తన గొంతునే నాలుగైదు వరసల్లో రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. ‘వాట్స్ గోయింగ్ ఆన్’ నుంచి అతనికున్న అలవాటిది. ఇక్కడ ఆ పద్ధతికి వేరే పని పడింది. ముందున్న గొంతు మర్యాదగా మాట్లాడుతుంటే వెనకున్న గొంతు మూలుగుతుంది, ఇంకోటి వెటకారం చేస్తుంది, పైనున్న సన్నటి గొంతు ఏడుస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఒకే మనిషి తనలో తాను కొట్లాడుకుంటున్నట్టు తెలుస్తుంది. మాటల్లో ఆనాతో పోట్లాట, స్వరాల్లో తనతోనే పోట్లాట. ఫోన్ స్పీకర్‌లో వింటే ఇందులో సగం పోతుంది.

కవర్ మీద బొమ్మ సంగతేంటి?

బొమ్మ వేసింది మైకేల్ బ్రయన్. ముందువైపు ప్రాచీన రోమ్ తరహా కట్టడం, ప్రేమికుల శిల్పం. వెనక్కి తిప్పితే అదంతా మంటల్లో ఉంటుంది. లోపల ‘జడ్జిమెంట్’ అని మోనోపలీ లాంటి బోర్డు గేమ్. దాని మీదుగా ఒక మగ చెయ్యి ఒక ఆడ చేతికి రికార్డు అందిస్తూ ఉంటుంది. సూచనగా చెబుదామన్న ఉద్దేశం ఎక్కడా లేదు. అప్పటి ఎల్పీ దొరికితే ఆ లోపలి బొమ్మ కోసమైనా చూడాలి, స్ట్రీమింగ్ యాప్‌లో అది కనబడదు.

భార్య పరువు తీసే ఆల్బమ్‌ని మెచ్చుకోవడం న్యాయమేనా?

సరైన ప్రశ్న. దీన్ని దాటేసి ఈ ఆల్బమ్ గురించి మాట్లాడకూడదు.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. ఇది ఒకే పక్షం వాంగ్మూలం. ఆవిడ పేరు పెట్టి, కోర్టు సంగతులు, కొడుకు సంగతి, డబ్బు లెక్కలు లోకమంతా వినేలా పాడాడు. పదిహేడేళ్ల అమ్మాయితో తను మొదలుపెట్టిన కాపురం గురించి మాత్రం ఆ నిష్కర్షతో మాట్లాడలేదు. జానిస్ కోసం పాడిన పాటలో పారిపోయేవాడి తొందరే తప్ప తప్పు చేసినవాడి బాధ వినబడదు. ఆనా మామూలు గృహిణి కూడా కాదు, తనూ పాటలు రాయగల మనిషి. అలాంటి మనిషి తరఫు పాట మనకు లేదు. ఆవిడ తిరిగి ఒక ఆల్బమ్ చేసి ఉంటే గేకి నచ్చే మాటలు అందులో ఉండేవి కావు.

అయినా దీన్ని ఎందుకు వింటామంటే, ఇందులో గే గెలవడు. ఎవరిమీదైనా కక్షతో పాట కట్టేవాడు తనను మంచివాడిగా చూపించుకుంటాడు. ఇతను చూపించుకోలేకపోయాడు. పిసినారితనం, దెప్పిపొడుపు, జాలి కోసం చెయ్యి చాపడం, ఫీజుల దగ్గర లెక్కలు, అన్నీ టేపు మీద అలాగే వదిలేశాడు. వాదన గెలవాలనుకునే లాయరైతే ఇందులో సగం పాటలు కొట్టేయించేవాడు. వినేవాళ్లు అతని పక్షం చేరాల్సిన పని లేదు. ఒక సాక్షి బోనులో నిలబడి తనకు తెలియకుండానే తన గుట్టు విప్పుకోవడం వింటున్నాం, అంతే. నిజాయితీ ఉంది, న్యాయం లేదు. రెండూ ఒకటే అనుకుని మెచ్చుకునేవాళ్లతోనే నాకు పేచీ.

మన సినిమా పాటకు అలవాటుపడ్డ చెవికి ఇది ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. మనకు విరహం ఎంత గాఢంగా ఉన్నా అది కథలో పాత్రది. సందర్భం దర్శకుడిది, మాటలు కవివి, గొంతు ఇంకొకరిది. ఎవరి బాధా నేరుగా ఎవరికీ తగలదు. ఇక్కడ ఆ తెరలేవీ లేవు.

ఆనా ఎలా తీసుకుంది?

బాధపడింది. తన వ్యక్తిగత జీవితాన్ని బయటపెట్టినందుకు కేసు వెయ్యాలా అని ఆలోచిస్తున్నట్టు అప్పట్లో పీపుల్ పత్రికతో చెప్పింది. చివరికి వెయ్యలేదు. తర్వాతి కాలంలో ఇద్దరి మధ్యా మాటలు మళ్లీ కలిశాయి. గే చనిపోయాక 1987లో అతన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు, ఆ గౌరవం అందుకోవడానికి తాము పెంచుకున్న ఆ కొడుకుతో కలిసి వేదిక ఎక్కింది ఆనాయే. 2014లో 92 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

బాగా అమ్ముడైందా?

లేదు. అమెరికా పాప్ ఆల్బమ్ చార్టులో 26, సోల్ చార్టులో 4 దాకా వెళ్లి ఆగిపోయింది. అంతకుముందు గే ఆల్బమ్‌లతో పోలిస్తే ఇది దెబ్బతిన్నట్టే. సింగిల్‌గా (ఆల్బమ్ నుంచి విడి రికార్డుగా) అంతరిక్షం పాటను వదిలారు, అది సోల్ చార్టులో 23 దగ్గర నిలిచింది.

ఇందులో ఆశ్చర్యం లేదు. డిస్కో రాజ్యమేలుతున్న రోజులవి. ‘గాట్ టు గివ్ ఇట్ అప్’ విని డాన్స్ చేసినవాళ్లకు రెండు ఎల్పీల నిండా లాయర్ల గొడవ ఇస్తే ఏం చేస్తారు? రేడియోకి పనికొచ్చే మూడు నిమిషాల పాట ఇందులో లేనే లేదు. విమర్శకులు కూడా చాలామంది తల పట్టుకున్నారు. మోటౌన్ కొన్నాళ్లకే ప్రచారం ఆపేసింది. గేకి అది అవమానంగా తోచింది.

మరి గొప్ప ఆల్బమ్ అన్న పేరు ఎప్పుడొచ్చింది?

మెల్లగా, అతను పోయాక. 1994లో సీడీగా మళ్లీ వచ్చినప్పుడు కొత్త తరం వింది. అప్పటికి గాయకులు తమ సొంత గొడవలు పాడుకోవడం వింత కాదు. హిప్‌హాప్ వచ్చాక పాటలో పేర్లు పెట్టి మాట్లాడటం మామూలైపోయింది. 1978లో ఎబ్బెట్టుగా అనిపించినదే తర్వాత ధైర్యంగా అనిపించింది. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దీనికి చోటు దొరికింది.

తర్వాత అతనికి ఏమైంది?

జానిస్‌తో పెళ్లి కూడా నిలవలేదు. పన్నుల వాళ్ల నుంచి తప్పించుకుంటూ కొంతకాలం హవాయిలో ఒక వ్యాన్‌లో బతికాడు, తర్వాత లండన్, 1981లో బెల్జియంలోని ఓస్టెండ్ అనే సముద్రతీరపు ఊరు. ఆ ఏడాది వచ్చిన ‘ఇన్ అవర్ లైఫ్‌టైమ్’ ఆల్బమ్‌ను తన అనుమతి లేకుండా మార్చి విడుదల చేశారని మోటౌన్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. కొలంబియా కంపెనీకి మారి 1982లో ‘సెక్సువల్ హీలింగ్’తో మళ్లీ పెద్ద హిట్ కొట్టాడు, తొలిసారి గ్రామీ అవార్డులు అందుకున్నాడు. 1984 ఏప్రిల్ 1న, 45వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, లాస్ ఏంజెలెస్‌లోని ఇంట్లో గొడవలో తండ్రి తుపాకీతో కాల్చడంతో చనిపోయాడు.

ఆ ముగింపు తెలిసి వింటే ఈ ఆల్బమ్‌లో ప్రతి నిట్టూర్పూ జోస్యంలా అనిపిస్తుంది. అలా వినకండి. 1977లో స్టూడియోలో ఉన్న మనిషికి అది తెలియదు. అతని టెన్షన్ అంతా తర్వాతి నెల డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నదే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మార్విన్ గేని ఎప్పుడూ విననివాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు. ముందు ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పూర్తిగా, తర్వాత ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’లో చివరి పాట. అప్పుడు దీనికి రండి. అంతా ఒకేసారి వినే ఓపిక లేకపోతే మొదటి మూడు పాటలు వినండి. అవి పట్టుకుంటే మిగతావి మీరే వింటారు. పట్టుకోకపోతే ఇంకో ఏడాది ఆగి చూడండి. షఫుల్ మాత్రం వద్దు. తిట్టిన తర్వాత పిలుపు, పిలుపు తర్వాత మళ్లీ లెక్కలు, ఈ వరసలోనే ఉంది అంతా.

ఇంగ్లీషు పాటల మాటలు నాకు సరిగ్గా అర్థం కావు. పర్వాలేదా?

మొదటిసారి పర్వాలేదు, గొంతు చాలా వరకు చెప్పేస్తుంది. రెండోసారి మాత్రం మాటలు ముందు పెట్టుకుని వినండి. కవిత్వపు మాటలు తక్కువ, చాలావరకు మామూలు సంభాషణ, కాబట్టి కష్టం కాదు.

పిల్లల ముందు పెట్టొచ్చా?

బూతులు పెద్దగా లేవు. డ్రగ్స్ ప్రస్తావనలు, పెద్దవాళ్ల సంగతులు ఉన్నాయి. పిల్లలకు చెడు కంటే ముందు విసుగు వస్తుంది.

ఇలాంటి ఆల్బమ్‌లు ఇంకేమున్నాయి?

జోనీ మిచెల్ ‘బ్లూ’ (1971), బాబ్ డిలన్ ‘బ్లడ్ ఆన్ ద ట్రాక్స్’ (1975) అందరూ చెప్పేవే, చెప్పడానికి కారణమూ ఉంది. వాటిలో బాధ కవిత్వంగా మారిపోయి ఉంటుంది, ఎవరి గురించో ఊహించుకోవాల్సిందే. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘టన్నెల్ ఆఫ్ లవ్’ (1987) ఇంకో రకం: పెళ్లి ఇంకా నిలిచి ఉండగానే, అది బీటలు వారుతున్న చప్పుడు వింటూ చేసింది. ‘బోర్న్ ఇన్ ద యూ.ఎస్.ఎ.’ లాంటి బ్రహ్మాండమైన విజయం తర్వాత అంత నెమ్మదైన ఆల్బమ్ వస్తుందని ఎవరూ అనుకోలేదు.

రెండు పక్షాల మాటా ఒకే రికార్డులో వినాలనుంటే మాత్రం ఫ్లీట్‌వుడ్ మాక్ ‘రూమర్స్’ (1977) వినండి. లిండ్సే బకింగ్‌హమ్, స్టీవీ నిక్స్ విడిపోతూ కూడా ఒకే బ్యాండ్‌లో ఉన్నారు. అతను ‘గో యువర్ ఓన్ వే’ రాశాడు, ఆమె ‘డ్రీమ్స్’ రాసింది. అతని పాటలో తన గురించి ఉన్న ఒక లైను ఆమెకు అస్సలు నచ్చలేదు, తీసెయ్యమని అడిగింది కూడా. అతను తీయలేదు. ఆ పాటకు వెనక గొంతు కలిపినవాళ్లలో ఆమె కూడా ఉంది.